పేగు జబ్బు ఉన్నవారు ఎముకల సంగతి మరువకండి

– నర్సింగ్ సూపరింటెండెంట్



నాలుగేళ్ళ క్రితం ఒక మంగళవారం. ఓ.పి. వరండాలో బెంచీలు నిండుగా ఉన్నాయి. నేను వార్డు రౌండ్సు ముగించుకొని వస్తుండగా, లోపల నుంచి సిస్టర్ ఒక పేరు పిలిచింది. 26 ఏళ్ళ అమ్మాయి. రెండుసార్లు పిలిచినా లేవలేదు. మూడోసారి రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, మెల్లగా లేచింది. పక్కనున్న అత్తగారు నన్ను చూసి, "ఏం చెప్పమంటారు మేట్రనమ్మగారూ! ఈ వయసులో నేను బిందెలతో నీళ్ళు మోస్తున్నాను. ఈమెకు కూర్చుంటే లేవడానికి బద్ధకం" అన్నారు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. కళ్ళలో నీళ్ళు మాత్రం తిరిగాయి.

ఆమె మాకు కొత్త కాదు. క్రోన్స్ వ్యాధి అనే పేగు జబ్బుకు రెండేళ్ళుగా మన దగ్గరే మందులు వాడుతోంది. ఇంట్లో మిషను మీద బట్టలు కుడుతుంది. ఫైలు తీసి చూశాను. ఎన్నిసార్లు విరేచనాలు అయ్యాయి, రక్తం పడిందా, బరువు ఎంత, జ్వరం ఉందా – అన్నీ ప్రతిసారీ వరుసగా రాసి ఉన్నాయి. కొన్నిచోట్ల చేతిరాత నాదే. కాని "నడుము నొప్పి ఉందా, మెట్లు ఎక్కగలుగుతున్నావా" అని రెండేళ్ళలో ఒక్కసారి కూడా మేమెవ్వరం అడగలేదు.

డాక్టరుగారు ఆ రోజే రక్తపరీక్ష రాశారు. విటమిన్ డి మిల్లీలీటరుకు 7 నానోగ్రాములు మాత్రమే ఉంది. సాధారణంగా 20 కన్నా తక్కువైతే లోపం అంటారు. ఇంట్లో అందరూ బద్ధకం అనుకున్నది బద్ధకం కాదు. ఆమె ఎముకలు, కండరాలు బలహీనపడ్డాయి.

ఆమె కథ అక్కడితో ముగియలేదు. తరువాత నా మాట వల్ల జరిగిన ఒక పొరపాటు కూడా అందులో ఉంది. అదీ దాచకుండా చెబుతాను. ముందుగా ఈ జబ్బు సంగతి తెలుసుకుందాం.

పేగువాపు వ్యాధి అంటే ఏమిటి?

మన శరీరంలో రోగాలతో పోరాడే రక్షణశక్తి ఉంది. ఏ కారణం చేతనో అది దారితప్పి, మన పేగు గోడనే శత్రువుగా భావించి దాడి చేస్తే పేగులో వాపు, పుండ్లు ఏర్పడతాయి. దీనినే పేగువాపు వ్యాధి, డాక్టర్ల భాషలో ఐ.బి.డి. అంటారు. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. పెద్దపేగు లోపలి పొరలో మాత్రమే వచ్చేది అల్సరేటివ్ కోలైటిస్. నోటి నుంచి మలద్వారం వరకు ఎక్కడైనా రాగలిగేది, ఎక్కువగా చిన్నపేగు చివరి భాగంలో కనిపించేది క్రోన్స్ వ్యాధి. 1932లో అమెరికాలో డాక్టర్ బరిల్ క్రోన్, ఆయన తోటి వైద్యులు కలిసి దీనిని వివరించారు గనుక ఆ పేరు వచ్చింది.

ఇది అంటువ్యాధి కాదు. ఒకరి కంచంలో తింటే మరొకరికి రాదు. "అది పట్నం వాళ్ళ జబ్బు" అనుకోవడం కూడా తప్పు. హైదరాబాదు డాక్టర్లు 30 వేల మందికి పైగా కడుపు బాధలున్నవారికి పెద్దపేగును కెమెరా గొట్టంతో పరీక్షించి, 2023లో ఫలితాలు ప్రచురించారు. పల్లెల్లోనూ పట్టణాల్లోనూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఈ జబ్బు కనిపించింది.

ఈ క్రింది లక్షణాలు కొన్ని వారాలపాటు ఉంటే ఆలస్యం చేయకండి:

• మలంలో రక్తం, జిగురు పడటం
• రాత్రి నిద్రలో లేచి మరీ విరేచనానికి వెళ్ళవలసి రావడం
• కడుపునొప్పితోపాటు బరువు తగ్గడం, జ్వరం
• మలద్వారం దగ్గర మానని పుండు, చీము
• పిల్లలైతే వయసుకు తగ్గట్టు ఎదగకపోవడం

రక్తం పడితే మొలలే అనుకొని ఏళ్ళ తరబడి నాటు మందులు వాడినవారిని నేను చాలామందిని చూశాను. మరొక సంగతి. మన దేశంలో పేగుకు క్షయ కూడా వస్తుంది. అది అచ్చం క్రోన్స్ వ్యాధిలాగే కనిపిస్తుంది. కాని మందులు వేరు. క్షయ ఉన్నవారికి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే ప్రమాదం. అందుకే డాక్టరుగారు ముక్క పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే రాస్తే "డబ్బులు గుంజడానికి" అనుకోకండి.

విటమిన్ డి ఎందుకు తగ్గుతుంది?

విటమిన్ డి మనకు ముఖ్యంగా ఎండ వల్ల వస్తుంది. ఎండ చర్మానికి తగిలినప్పుడు చర్మంలో తయారై, కాలేయంలో ఒకసారి, మూత్రపిండాలలో మరొకసారి మార్పు చెంది పనికి సిద్ధమవుతుంది. కొంత ఆహారం నుంచి, మందుల నుంచి వస్తుంది. మనం తిన్న కాల్షియం పేగు నుంచి రక్తంలోకి చేరాలంటే ఈ విటమిన్ కావాలి. ఇది లేకపోతే ఎన్ని పాలు తాగినా అందులోని కాల్షియంలో ఎక్కువ భాగం వచ్చిన దారినే పోతుంది. అప్పుడు శరీరం ఎముకలలో దాచుకున్న కాల్షియాన్ని తోడుకుంటుంది. జీతం రాని నెలలో దాచుకున్న డబ్బు తీసి ఖర్చు పెట్టుకున్నట్టు అన్నమాట.

"ఇంత ఎండలు కాసే మన ప్రాంతంలో ఈ లోపమా?" అని మీరు అడగవచ్చు. తిరుపతి డాక్టర్లు ఆ చుట్టుపక్కల పట్టణాలలో, పల్లెలలో పరీక్షలు చేసి 2008లో ప్రచురించిన వివరాల ప్రకారం, పల్లెటూరి మగవారిలో 44 శాతం మందికి, ఆడవారిలో సుమారు 70 శాతం మందికి విటమిన్ డి లోపం ఉంది. పట్టణంలో ఇంకా ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవారి పరిస్థితే ఇది. పేగు జబ్బు ఉన్నవారికి దీనికి తోడు మరికొన్ని కారణాలు కలుస్తాయి.

ఒకటి, విటమిన్ డి కొవ్వులో కరిగే విటమిన్. అది చిన్నపేగులో, పైత్యరసం సహాయంతో ఒంటపడుతుంది. చిన్నపేగు చివరి భాగం వాచినా, ఆపరేషనులో తీసివేసినా, పైత్యరసం లవణాలు తిరిగి శరీరంలోకి చేరక కొవ్వు సరిగా అరగదు. దానితోపాటు విటమిన్ డి కూడా బయటకు పోతుంది.

రెండు, ఆహారం. తింటే విరేచనాలు అవుతాయన్న భయంతో పాలు మానేస్తారు, గుడ్డు మానేస్తారు, చేప మానేస్తారు. చివరకు మజ్జిగన్నం మాత్రమే మిగులుతుంది.

మూడు, ఇల్లు కదలకపోవడం. దారిలో మరుగుదొడ్డి దొరకదేమోనన్న భయం వీరిని ఇంటికే కట్టిపడేస్తుంది. పెళ్ళికి రారు, పనికి వెళ్ళరు, ఆరాధనకు కూడా రారు. వచ్చినా తలుపు దగ్గరి బల్ల మీద కూర్చుంటారు. ఎండ తగిలేది ఎప్పుడు?

నాలుగు, స్టెరాయిడ్ మందులు. వాపు ఎక్కువగా ఉన్నప్పుడు ప్రెడ్నిసొలోన్ వంటి మాత్రలు ప్రాణం నిలుపుతాయి. కాని ఎక్కువ కాలం వాడితే కాల్షియం ఒంటపట్టడం తగ్గి ఎముకలు పలుచబడతాయి. వాపు కూడా తనంతట తానే ఎముకను క్షీణింపజేస్తుంది. అల్సరేటివ్ కోలైటిస్‌లో చిన్నపేగు బాగానే ఉన్నా వీరికి కూడా లోపం కనబడటానికి ఇవే కారణాలు.

ఎలా గుర్తుపట్టాలి?

చాలామందిలో ఏ లక్షణమూ ఉండదు. లోపం బాగా ముదిరితే నడుము, తుంటి, పిక్కల ఎముకలు లాగుతున్నట్టు నొప్పి పెడతాయి. ఎముక మీద వేలితో నొక్కితే బాధ. క్రింద కూర్చుంటే లేవలేరు. బస్సు మెట్టు ఎక్కడానికి కడ్డీ పట్టుకొని వేలాడవలసి వస్తుంది. పిల్లలలో కాళ్ళు వంకర పోవచ్చు. ఇంట్లో ఎవరైనా పేగు జబ్బుతో ఉండి ఇలాంటి బాధలు చెబితే బద్ధకం అని గాని, నటన అని గాని కొట్టిపారేయకండి.

పరీక్ష పేరు "25 హైడ్రాక్సీ విటమిన్ డి". పరగడుపున రానవసరం లేదు. ఎక్కువ కాలం స్టెరాయిడ్ వాడినవారికి, చిన్న దెబ్బకే ఎముక విరిగినవారికి డాక్టరుగారు ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ కూడా రాయవచ్చు.

ఎండలో నిలబడితే చాలదా?

పొద్దుటి లేత ఎండ ఒంటికి మంచిదని మన పెద్దలు చెబుతారు. నడకకు, మనసుకు అది మంచిదే. కాని చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు ఆ సమయంలో చాలా తక్కువ. తిరుపతిలో చేసిన పరిశీలనలో పగలు 11 నుంచి 2 గంటల మధ్య విటమిన్ బాగా తయారవుతుందని తేలింది. గుర్తు పెట్టుకోవడానికి సులువైన కొండగుర్తు: మీ నీడ మీకంటే పొట్టిగా ఉన్నప్పుడే ఆ కిరణాలు బాగా అందుతాయి. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే లాభం లేదు. అద్దం ఆ కిరణాలను ఆపివేస్తుంది.

అయితే పేగు జబ్బు ఉన్నవారికి ఇక్కడ ఒక హెచ్చరిక. అజథయోప్రిన్ మాత్రలు వాడేవారి చర్మానికి ఎండ వల్ల హాని ఎక్కువ. చాలా ఏళ్ళు వాడినవారిలో చర్మ క్యాన్సరు వచ్చే అవకాశం కూడా పెరుగుతుంది. మెథోట్రెక్సేట్, సల్ఫాసలజీన్ వాడేవారిలో కూడా కొందరికి ఎండ పడదు. విరేచనాలతో నీరు కోల్పోయినవారు వేసవి మధ్యాహ్నం ఎండలో నిలబడితే వడదెబ్బ తగులుతుంది. కాబట్టి పక్కింటివారికి చెప్పిన ఎండ వైద్యం మీకు పనికిరాకపోవచ్చు. ఇలాంటివారికి మందు రూపంలో విటమిన్ ఇవ్వడమే మేలు.

సాచెట్ వారానికి ఒకటి, రోజుకు కాదు

మందుల షాపులో దొరికే చిన్న పొట్లంలో గాని, గుళికలో గాని సాధారణంగా 60,000 యూనిట్లు ఉంటాయి. లోపం ఉన్నవారికి డాక్టర్లు సాధారణంగా వారానికి ఒకటి చొప్పున 8 వారాలు రాస్తారు. ఆ తరువాత మోతాదు తగ్గిస్తారు. పేగు జబ్బులో సరిగా ఒంటపట్టదు గనుక కొందరికి ఎక్కువ కాలం ఇవ్వవలసి వస్తుంది. అందుకే సుమారు 3 నెలలకు మళ్ళీ పరీక్ష చేయించుకోవాలి. మన అమ్మాయికి మూడు నెలల తరువాత 7 నుంచి 18కి మాత్రమే పెరిగింది. డాక్టరుగారు మరికొంత కాలం పొడిగించారు. అప్పటికి గాని 30 దాటలేదు.

ఈ మందును ఉత్త కడుపుతో కాక, అన్నం తిన్న తరువాత, కాస్త పాలతో గాని, నెయ్యి, నూనె ఉన్న భోజనంతో గాని వేసుకోవాలి. కొలెస్టిరమిన్ పొడి వాడుతున్నవారు రెండింటి మధ్య ఎడం ఎంత ఉండాలో అడిగి తెలుసుకోండి.

చదవడం రానివారి ఇళ్ళలో ఈ మందును రోజుకొకటి చొప్పున వేసుకున్న సందర్భాలు ఉన్నాయి. విటమినే కదా, ఎక్కువైతే ఏమవుతుందనుకోకండి. ఇది కొవ్వులో నిలువ ఉంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి అతిదాహం, వాంతులు, మలబద్ధకం, మాటిమాటికీ మూత్రం, మగత, అయోమయం వస్తాయి. మూత్రపిండాలు దెబ్బతింటాయి. మందు ఆపినా వారాలు, నెలల తరబడి దాని ప్రభావం పోదు. మన వార్డులో ఇప్పుడు ఒక పద్ధతి పెట్టాము. ఇంటికి పంపేటప్పుడు ఏ వారం వేసుకోవాలో అడిగి, రోగి ఇంటి క్యాలెండరులో ఆ రోజులకు సున్నా చుట్టుకోమని చెబుతున్నాము. ఆదివారమైతే చాలామందికి గుర్తుంటుంది.

విటమిన్ డి పేగు జబ్బును నయం చేస్తుందా?

ఇప్పుడు నా పొరపాటు సంగతి. మందు మొదలుపెట్టిన రోజు ఆ అమ్మాయి చాలా దిగులుగా ఉంది. ధైర్యం చెబుదామని, "విటమిన్ సరిపోతే అన్నీ సర్దుకుంటాయమ్మా" అన్నాను. ఆరు నెలలకు నడుము నొప్పి పోయింది. ఎవరి చేయీ పట్టుకోకుండా లేచి నిలబడింది. విరేచనాలు కూడా అదుపులోనే ఉన్నాయి. ఆమె నా మాటను పూర్తిగా నమ్మింది. అసలు జబ్బు విటమిన్ లోపమే అనుకొని, ఎవరికీ చెప్పకుండా అజథయోప్రిన్ మానేసింది. సాచెట్లు మాత్రం తప్పకుండా వేసుకుంది.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. తరువాత జ్వరం, కడుపునొప్పి, రోజుకు పది విరేచనాలు. మా వార్డులో చేర్చేనాటికి 6 కిలోలు తగ్గింది. మళ్ళీ స్టెరాయిడ్ మొదలుపెట్టక తప్పలేదు. అంటే కష్టపడి సంపాదించుకున్న ఎముక బలానికే మళ్ళీ గండి పడింది. "మీరే కదమ్మా అన్నారు" అని ఆమె నాతో అన్నప్పుడు నా దగ్గర జవాబు లేదు. 30 ఏళ్ళకు పైగా ఈ ఉద్యోగంలో ఉన్న నేను ధైర్యం చెప్పే తొందరలో సగం నిజం చెప్పాను.

పూర్తి నిజం ఏమిటో వినండి. పేగు గోడ కణాలలోనూ, రక్షణ కణాలలోనూ విటమిన్ డి పనిచేసే స్థానాలు ఉన్నాయి. అందుకే దీనికీ పేగు జబ్బుకూ సంబంధం ఉందేమోనని పరిశోధకులు చాలాకాలంగా వెతుకుతున్నారు. అమెరికాలో 72,719 మంది నర్సుల వివరాలను 1986 నుంచి 2008 వరకు గమనించి, 2012లో ప్రచురించారు. ఆహారం, ఎండ, అలవాట్లను బట్టి ఎవరికి విటమిన్ డి ఎక్కువగా ఉంటుందని లెక్కగట్టారో, వారిలో క్రోన్స్ వ్యాధి తక్కువగా వచ్చింది. నర్సులు ఓపికగా నింపిన కాగితాల వల్ల ఇంత తెలిసిందంటే నాకు సంతోషమే. కాని ఇది సంబంధాన్ని చూపుతుంది గాని, కారణాన్ని రుజువు చేయదు. జబ్బు వల్ల కూడా విటమిన్ తగ్గుతుంది కదా.

డెన్మార్కులో జబ్బు అదుపులో ఉన్న 94 మంది క్రోన్స్ రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు ఏడాదిపాటు రోజుకు 1,200 యూనిట్ల విటమిన్ డి ఇచ్చారు. 2010లో వచ్చిన ఫలితాల ప్రకారం విటమిన్ వాడినవారిలో 13 శాతం మందికి, వాడనివారిలో 29 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. వినడానికి బాగుంది. కాని రోగుల సంఖ్య తక్కువ కావడం వల్ల ఆ తేడా యాదృచ్ఛికం కాదని గట్టిగా చెప్పలేకపోయారు. 2023లో ఇలాంటి పరిశోధనలన్నీ కలిపి చూసిన కోక్రేన్ సమీక్ష కూడా, జబ్బు తిరగబెట్టడం కొంత తగ్గవచ్చు గాని ఆధారాలు బలంగా లేవని తేల్చింది.

కాబట్టి విటమిన్ డి ఎముకలను కాపాడుతుంది. పేగుకు కూడా కొంత మేలు చేయవచ్చు. అంతేగాని పేగు జబ్బు మందుల స్థానంలో నిలబడలేదు. పంటకు నీరు ఎంత అవసరమైనా, చీడకు మందు కొట్టక తప్పదు.

ఏమి తినాలి?

ఆహారం ఒక్కదానితోనే ఈ లోపం తీరదు. అయినా గుడ్డు పచ్చసొన, కవ్వలు, కానాగంతలు వంటి కొవ్వున్న సముద్రపు చేపలు కొంత సాయపడతాయి. ప్యాకెట్టు మీద "ప్లస్ ఎఫ్" గుర్తు ఉన్న పాలలో, నూనెలో విటమిన్ ఎ, డి కలిపి ఉంటాయి. పాలు పడనివారు పెరుగు, మజ్జిగ తీసుకోవచ్చు. కాల్షియానికి రాగి జావ మంచిది. పేగు సన్నబడిందని డాక్టరు చెప్పినవారు పీచు, గింజలు ఉన్న పదార్థాలు అడగకుండా తినకండి. పొగ త్రాగేవారు వెంటనే మానాలి. అది క్రోన్స్ వ్యాధిని ముదరబెడుతుంది, ఎముకలనూ పాడుచేస్తుంది.

గుర్తుంచుకోవలసినవి

1. పేగువాపు వ్యాధి ఉందని తెలిసినవారు విటమిన్ డి పరీక్ష గురించి డాక్టరును అడగండి.
2. ఎముకల నొప్పి, లేవలేకపోవడం ఉంటే మేము అడగకపోయినా మీరే చెప్పండి.
3. స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా, ఒక్కసారిగా ఆపకండి. ప్రాణాపాయం. మెల్లగా తగ్గించాలి.
4. బాగున్నారు కదా అని మిగతా మందులూ మానకండి. బాగున్నది ఆ మందుల వల్లనే కావచ్చు.
5. సాచెట్లు చీటీలో రాసినన్ని మాత్రమే వాడండి. పాత చీటీతో మళ్ళీ కొనకండి.
6. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఖాళీ మాత్రల అట్టలు, పొట్లాలు కూడా తీసుకురండి.

చివరిగా ఒక మాట

ఆ అమ్మాయి ఇప్పుడు అన్ని మందులూ క్రమంగా వాడుతోంది. స్టెరాయిడ్ మెల్లగా తగ్గించి ఆపగలిగారు. గత నెలలో ఓ.పి.కి వచ్చినప్పుడు పేరు పిలవగానే లేచి వెళ్ళింది. ఈసారి ఫైలు ఆమె అత్తగారి చేతిలో ఉంది. "ఏ మందు ఎప్పుడో ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను మేట్రనమ్మగారూ. ఆ రోజు తెలియక అన్నాను" అన్నారు. "తెలియనిది మీ ఒక్కరికే కాదమ్మా" అన్నాను.

పేగు జబ్బు పైకి కనబడదు. ఎముక నొప్పి అసలే కనబడదు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఇలాంటివారు ఉంటే, వారు ఎందుకు బయటకు రావడం లేదో ఒకసారి వెళ్ళి అడగండి. మన ఓ.పి. కార్డులో ఇప్పుడు విరేచనాల గడి పక్కనే "ఎముకల నొప్పి, లేవడం, మెట్లు" అని మరో గడి చేర్చాము. మా సిస్టర్లు అది నింపకుండా వదిలేస్తే, దయచేసి మీరే గుర్తు చేయండి.